ఉచిత ఛానల్ ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రశ్న: చందా కట్టకుండానే కొన్ని టీవీ ఛానళ్లను చూడగలుగుతున్నాం. వాటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఛానళ్లు ఎన్ని పెరిగినా అన్నింటిలోనూ ఒకే తరహా కార్యక్రమాలు ఎందుకు వస్తాయి?

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. రచయితలకు, నటీనటులకు, సెట్లకు, ఎడిటింగుకు అయ్యే ఖర్చంతా ధారావాహిక మొదటి ప్రతి సిద్ధమయ్యేసరికే అయిపోతుంది. ఆపైన దాన్ని వెయ్యిమంది చూసినా, కోటిమంది చూసినా ఆ ఖర్చు మారదు. నేను చూసినంత మాత్రాన మీకు అందేది తరిగిపోదు. పైగా, గాలిలో వచ్చే ప్రసారాన్ని డబ్బు చెల్లించనివారికి అందకుండా ఆపే వీలు తొలినాళ్లలో లేదు. కాబట్టి ఖర్చు రాబట్టుకునే పద్ధతిని ఒక్కో దేశం ఒక్కో విధంగా ఎంచుకుంది. బ్రిటన్‌లో 1946 నుంచి టీవీ ఉన్న ఇంటివారు ఏడాదికి 2 పౌండ్ల లైసెన్సు రుసుము కట్టారు. అమెరికా ప్రకటనలను నమ్ముకుంది. 1941 జులై 1న న్యూయార్క్‌లోని డబ్ల్యూఎన్‌బీటీ కేంద్రం బులోవా గడియారాల ప్రకటనతో ఆ వ్యాపారాన్ని ప్రారంభించింది.

ప్రకటనలతో నడిచే ఛానల్ అమ్ముకునేది మన సమయాన్ని. ఇది నిల్వ ఉండని సరుకు. రాత్రి విరామంలో అమ్ముడుపోని 30 సెకన్లను మర్నాటికి దాచుకోవడం ఎవరివల్లా కాదు. విరామంలో ఆ ఛానలే తన రేపటి ధారావాహిక ప్రోమోను పదేపదే వేస్తుంటే, అందులో కొంత కొనేవారు లేక మిగిలిన సమయమై ఉండవచ్చు. ధర నిర్ణయానికి ఆధారం రేటింగు. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో మీటరు అమర్చి, టీవీ ముందు కూర్చున్నప్పుడు ఇంట్లో ఒక్కొక్కరూ తమకు కేటాయించిన బటన్ నొక్కేలా ఏర్పాటు చేస్తారు. కళ్లార్పకుండా చూసినవారూ, బటన్ నొక్కి కునుకు తీసినవారూ ఆ లెక్కలో సమానమే. ఈ వ్యాపారంలోని అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం: ఎంతమంది చూశారన్నదే తప్ప, ఎంత ఇష్టంగా చూశారన్నది లెక్కకు రాదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. వందమందిలో 78 మంది ధారావాహికలను, 22 మంది శాస్త్ర విషయాలను కోరుకుంటున్నారనుకుందాం. మొదటి ఛానల్ ధారావాహిక వేస్తే 78 మందీ దానివైపే ఉంటారు. రెండోది కూడా ధారావాహికనే ఎంచుకుంటుంది, ఎందుకంటే సగం పంచుకున్నా 39 మంది దక్కుతారు. మూడోది చేరితే తలా 26 మంది, అది ఇంకా 22 కంటే ఎక్కువే. నాలుగో ఛానల్ వచ్చి ఒక్కొక్కరి వాటా 20కి లోపు పడిపోయినప్పుడు గాని ఆ 22 మంది ఎవరికీ గుర్తుకు రారు. ఆర్థికవేత్త పీటర్ స్టైనర్ 1952లో రేడియో విషయంలో ఈ తర్కాన్నే వివరించి, ఛానళ్లన్నీ ఒకే యజమానివైతే ఆయన తన ప్రేక్షకులను తానే పంచుకోవడం దండగని రెండో ఛానల్‌లోనే శాస్త్ర కార్యక్రమం వేస్తాడని చూపాడు. పోటీ ఉన్నంత మాత్రాన వైవిధ్యం రాదన్నమాట.

చందా పద్ధతి ఈ కొరతను కొంతవరకు తీర్చింది. 1972లో మొదలైన హెచ్‌బీఓ వంటి ఛానళ్లకు కొద్దిమందే చూసినా, వారు గట్టిగా కోరుకుని చెల్లిస్తే చాలు. అయితే ఒక ప్రేక్షకుడు అదనంగా చూసినందువల్ల పైసా ఖర్చు పెరగనప్పుడు, చందా కట్టలేదని అతన్ని బయట నిలపడం సమాజానికి నష్టమేనని ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1958లో వాదించాడు. ఆ వాదన నాకు ఇప్పటికీ బలమైనదిగానే తోస్తుంది. అందుకే ప్రకటనలు, చందాలతో పాటు, ఆ 22 మంది కోసం తలలు లెక్కపెట్టకుండా కార్యక్రమాలు తీయగల ప్రజాధన ప్రసార సంస్థ కూడా ప్రతి దేశంలోనూ ఉండాలని నేను కోరుకుంటాను.