డబ్లిన్ వచ్చేముందు ఈ ఒక్క మాట నేర్చుకో అమ్ములూ

అమ్ములూ, వీసా వచ్చేసిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం రా. ఐరిష్ భాష ఎక్కడ మొదలెట్టమంటావ్ పెద్దమ్మా అని అడిగావ్ కదా, నా మాట విని "బ్యాన్" తో మొదలెట్టు, అంటే ఆడమనిషి.

ఎందుకంటే దిగిన వారంలోనే ఏదో పబ్బులో బాత్రూం తలుపు మీద ఇది కనిపిస్తుంది, కానీ బ్యాన్ అని కాదు, "మ్నా" అని. ఎమ్ ఉంది కదా మెన్ అనుకునేవ్, పక్కన ఎఫ్ తో ఉన్న "ఫిర్" మగవాళ్ళది, మన వీరుడులో ఉన్న సంస్కృతం వీర కి చుట్టం ఆ మాట. కొత్తలో నేను ఆ రెండు తలుపుల మధ్య నిలబడిపోయా, ఎవరో ఒకావిడ లోపల్నుంచి వచ్చాకే వెళ్ళా.

బ్యాన్ కి బహువచనం మ్నా, "ఆడమనిషి యొక్క" అన్నా మ్నానే, "ఆడవాళ్ళ యొక్క" అంటే మాత్రం మళ్ళీ "బన్". వింతేం కాదు, మనం ఇల్లు అంటాం కానీ ఇల్లు తలుపు అనం, ఇంటి తలుపు అంటాం, నుయ్యి నూతి కూడా అంతే. వాళ్ళకీ ఇల్లు "ట్యాఖ్", ఇంటి అంటే "టీ", అందుకే ఇంటావిడని "బ్యాన్ అన్ టీ" అంటారు.

అసలు మూలం చాలా పాతది, "గ్వెన్" లాంటి మాట, ఐరిష్ లాంటి కెల్టిక్ భాషల్లో ఆ గ్వ కాస్తా బ అయింది, ఒక రూపంలో మధ్య అచ్చు పోయి బ్నా అయ్యి చివరికి మ్నా అయింది. ఋగ్వేదంలో దేవతల భార్యల్ని గ్నా అంటారే, అదీ ఈ కుదురే, ఇంగ్లీష్ క్వీన్ కూడా. జననం మాత్రం వేరే ధాతువు, కలిపెయ్యకు.

ఇంకోటి, మాట మొదటి అక్షరం మారుతుంది, అన్న తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అయినట్టు. ముందు "అన్", అంటే ఇంగ్లీష్ "ద" లాంటి మాట, వస్తే బ్యాన్ "వ్యాన్" అవుతుంది. 1914 లో ఇక్కడ పెట్టిన ఆడవాళ్ళ సంఘం పేరు "కుమన్ న మన్", రాసేటప్పుడు ఎమ్ పక్కన బీ కూడా ఉంటుంది కానీ పలకరు. 1990 లో మేరీ రాబిన్సన్ మొదటి మహిళా ప్రెసిడెంట్ గా గెలిచి "మ్నా న హేరన్" అంది, ఐర్లండ్ ఆడవాళ్ళు అని, ఆ మాటలు ఇక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు.

ఒక్క బ్యాన్ బట్టీ పట్టి ఆగకు, రామ శబ్దం వల్లెవేసినట్టు బ్యాన్, మ్నా, మ్నా, బన్ అని కలిపి పైకి అను. పడమటి ఐర్లండ్ లో కనెమరా వైపు మ్నాని మ్రా అనడం వినిపిస్తే కంగారు పడకు, అక్కడ అలాగే అంటారు. ఆదివారం వీడియో కాల్ లో నాలుగూ అప్పజెప్పాలి నాకు.

మీ పెద్దమ్మ