ఫైల్ పేరు గూగుల్ కోసం కాదు

‘వెబ్‌సైట్‌లో పెట్టే ఫోటోలకు, పీడీఎఫ్‌లకు అర్థమయ్యే పేర్లు పెడితే గూగుల్‌లో పైకి వస్తామా?’ అని అడిగారు. కాస్త ఉపయోగం ఉంటుంది. బొమ్మ దేని గురించో ఫైల్ పేరు నుంచి తేలికపాటి ఆనవాలు దొరుకుతుందని గూగుల్ స్వయంగా చెప్పింది. ఆ మాత్రానికే ఒక్క పేరులో పది కీవర్డ్‌లు కుక్కేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే.

ఒక సంఘం వెబ్‌సైట్ చూసుకునే పని నా చేతికొచ్చింది. అంతకుముందు చేసినవాళ్లు ఫోన్ ఎత్తరు. రాగానే ఒక ఫిర్యాదు. సైట్‌లోని సభ్యత్వ దరఖాస్తు నింపి పంపితే, ‘ఇది పాత ఫారమ్, చెల్లదు’ అని ఆఫీసు నుంచి తిప్పి పంపుతున్నారట. ఎంతసేపు, పాతది తీసి కొత్తది పెడితే సరి అనుకుని సర్వర్‌లో ఫోల్డర్ తెరిచాను. ఫారమ్, ఫారమ్ న్యూ, ఫారమ్ ఫైనల్, ఫారమ్ ఫైనల్ న్యూ, ఫారమ్ లేటెస్ట్, వీటి మధ్య స్కాన్0003 అనే మహానుభావుడు. తేదీలు చూద్దామంటే, సర్వర్ మార్చినప్పుడు ఎవరో అన్నీ ఒకేసారి ఎఫ్‌టీపీలో (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) ఎక్కించినట్టున్నారు, అన్నిటికీ ఒకటే తేదీ. తెరిచి చూస్తే లోపల ఎక్కడా సంవత్సరం లేదు.

చివరికి ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటే చూస్తూ పోయారు. ‘ఈ ల్యాండ్‌లైన్ తీసేసి చాలా కాలమైంది, ఇది కాదు. ఈ సంతకం పాత కార్యదర్శి గారిది, ఇదీ కాదు. ఇందులో ఫోటో అంటించడానికి చోటే లేదు చూడండి, ఇది మరీ పాతది.’ ఆ మరీ పాతది ఏదనుకున్నారు? ఫారమ్ న్యూ! అసలైనది స్కాన్0003 అని తేలింది. ఆయన ఆ రోజు సెలవులో ఉండుంటే నా గతేమిటో.

ఫైల్ పేరులో ‘న్యూ’ అని కనిపిస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. సర్వర్ మారితే తేదీలు పోతాయి. తెలిసినవాళ్లు ఉద్యోగం మానేస్తారు. చదివేవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటే మీ పేజీ హెడ్డింగ్ వాళ్ల వెంట వెళ్లదు, ఫైల్ పేరే వెళ్తుంది. కాబట్టి సంస్థ పేరు, అదేమిటో ఒకటి రెండు మాటలు, చివర 2024-03 లాగా సంవత్సరం ముందు, నెల తర్వాత. అలా రాస్తే అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి.

అదే సైట్‌లో సగం ఫోటోలు కనిపించకపోవడానికి కూడా పేర్లే కారణం. విండోస్‌కు ఇంగ్లీషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు, పేజీలో రాసిన పేరుకూ ఫైల్ పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫోటో దొరకదు. అన్నీ చిన్న అక్షరాల్లో రాస్తే ఈ టెన్షన్ ఉండదు. పేరు మధ్యలో ఖాళీ వదిలితే లింకులో శాతం గుర్తూ 20 వచ్చి చేరతాయి, హ్యాష్ గుర్తు పెడితే బ్రౌజర్ దాని తర్వాత ఉన్నదాన్ని సర్వర్‌కు పంపనే పంపదు. మాటల మధ్య హైఫన్ పెట్టండి, గూగుల్ కూడా అండర్‌స్కోర్ కంటే దాన్నే వాడమంటుంది. ఇక కెమెరా పెట్టిన నంబర్లను అలాగే ఎక్కించేవాళ్లకు ఒక మాట. చాలా కెమెరాల్లో లెక్క 9999 దాటితే మళ్లీ మొదటికి వస్తుంది, అప్పుడు ఒకే ఫోల్డర్‌లో ఎక్కిస్తే కొత్త ఫోటో పాతదాని మీద పడొచ్చు.

తెలుగులో పేరు పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు. కానీ ఆ లింకు కాపీ చేసి ఎవరికైనా పంపి చూడండి. ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 గుర్తుల చాంతాడు అవుతుంది. భాషాభిమానం పేజీలో చూపిద్దాం, ఫైల్‌కు ఇంగ్లీషు అక్షరాలు చాలు. అన్నట్టు, ఫోటోకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) రాయకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైల్ పేరునే చదివి వినిపిస్తాయి. చూపులేని మనిషి మీ సైట్‌కు వచ్చి ‘ఐఎంజీ నాలుగు నాలుగు ఏడు ఒకటి’ వినాలా? ఇది ఎంతమందికి చెప్పినా ఎక్కదు.

ఇప్పటికే సైట్‌లో ఉన్నవాటి పేర్లు మాత్రం ఊరికే మార్చకండి. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ చిరునామాలు మార్చొద్దని 1998లోనే మొత్తుకున్నారు, చిరునామాలో ‘లేటెస్ట్’ లాంటి మాటలు వద్దనీ అప్పుడే చెప్పారు. మార్చక తప్పకపోతే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 దారిమళ్లింపు (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్తచోటికి పంపేది) పెట్టండి. ఫారమ్ లాంటివాటికి నేను చేసేది ఇదీ: దరఖాస్తు పేజీ చిరునామా ఎప్పటికీ ఒకటే, అందులోని లింకు మాత్రం తేదీ ఉన్న కొత్త ఫైల్‌కు వెళ్తుంది. పాత పేరు మీదే కొత్త ఫైల్ ఎక్కిస్తే, బ్రౌజర్ దాచుకున్న పాతదే కొందరికి మళ్లీ కనిపిస్తుంది, ఆఫీసుకు మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.