బంకులో ధర పెరగకపోతే నష్టం లేనట్టేనా?

రెండు చమురు కంపెనీలు విలీనమైనా పెట్రోలు ధర పెరగకపోతే ఎవరికి నష్టం, అవి ముడిచమురు కొనుగోలుదారులుగా ఎంత బలపడితే మాత్రం అమెరికా ప్రభుత్వానికి ఎందుకు అని కొందరు అడుగుతారు. నష్టం బావి దగ్గర జరుగుతుంది. దాన్ని నేను లెక్కల పుస్తకంలో చూశాను.

పశ్చిమ టెక్సస్‌లో ఒక చిన్న చమురు సంస్థలో ఏడేళ్లు లెక్కలు రాశాను. మా బావులకు పైపులైను లేదు. చమురు పక్కనున్న ట్యాంకులో నిండేది, కొనే కంపెనీ ట్రక్కు వచ్చి తీసుకెళ్లేది. డ్రైవరు ట్యాంకు పైకెక్కి కొలత టేపు దించేవాడు. తోడకముందు మట్టం, తోడాక మట్టం, ఉష్ణోగ్రత, నీరూ మడ్డీ ఎంత శాతమో రాసి చీటీ వదిలి వెళ్లేవాడు. ఆ కంపెనీ ప్రకటించిన ధరలో రవాణా ఖర్చు కింద వేసే కోత పోగా మిగిలిన డబ్బు మరుసటి నెల ఇరవయ్యో తేదీ ప్రాంతంలో వచ్చేది.

మొదట్లో రెండు కంపెనీల ట్రక్కులు వచ్చేవి. ఒకరు కోత పెంచితే మా యజమాని రెండోవారికి ఫోను చేసేవారు, వారం తిరగకముందే కోత దిగివచ్చేది. ఆ రెండూ ఒకటయ్యాక కొత్త ఒప్పందం వచ్చింది. కోత పెరిగింది, బేరమాడడానికి రెండోవారు లేరు. ట్యాంకు నిండితే బావి ఆపాలి కనుక సంతకం చేశాం. మరుసటి ఏడాది, అంతంతమాత్రంగా పారుతున్న రెండు బావులను మూసేశాం.

ముడిచమురుది ప్రపంచ మార్కెట్, ఒక్క కంపెనీ దాని ధరను దించలేదు అంటారు. ఓడరేవు దగ్గర ఆ మాట నిజమే. కానీ మా ట్యాంకులోని చమురు ఓడరేవు దాకా వెళ్లాలంటే ఆ ట్రక్కే దిక్కు. చవకగా కొన్నవారు చవకగా అమ్ముతారన్నదీ నమ్మకండి. పెట్రోలు ధర చాలామంది అమ్మకందారులున్న పెద్ద మార్కెట్‌లో తేలుతుంది, కాబట్టి మా దగ్గర మిగిల్చుకున్నది కొన్నవారి దగ్గరే ఉండిపోతుంది. పైగా మూతపడిన బావుల చమురు ఎవరికీ అందదు.

ఇది కొత్త బాధ కాదు. 1895లో, అప్పటి అతిపెద్ద చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ తరఫున ముడిచమురు కొనే సీప్ ఏజెన్సీ, ఇకపై చమురు ఎక్స్ఛేంజీ (బహిరంగ మార్కెట్)లో పలికే ధర కాకుండా తాము ప్రకటించే ధరే ఇస్తామని పెన్సిల్వేనియా ఉత్పత్తిదారులకు చెప్పేసింది. అమ్ముకోవడానికి వేరే చోటు లేనప్పుడు కొనేవారు చెప్పిందే ధర.

నియంత్రణ సంస్థలూ దీన్ని గుర్తించాయి. బీపీ, ఆర్కో అనే చమురు కంపెనీల విలీనాన్ని ఆపాలని, మార్కెట్‌లో పోటీని కాపాడే అమెరికా సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2000 ఫిబ్రవరిలో కోర్టుకెక్కింది. అలాస్కా ఉత్తర తీరంలో చమురు అన్వేషణ హక్కుల వేలంలో ఆ రెండే ప్రధాన పోటీదారులన్నది దాని అభ్యంతరాల్లో ఒకటి. అక్కడ హక్కులు అమ్మేది ప్రభుత్వం, ఈ కంపెనీలు కొనేవారు. వేలం పాట పాడేవారిలో ఒకరు తగ్గితే ఆ లోటు ప్రజల ఖజానాకే. చివరికి ఆర్కో అలాస్కా ఆస్తులను ఫిలిప్స్ అనే మరో చమురు కంపెనీకి అమ్మాకే విలీనానికి దారి దొరికింది. అమెరికా ప్రభుత్వ 2023 నాటి విలీన మార్గదర్శకాల్లో పదోది, తమలో తాము పోటీపడే కొనుగోలుదారుల విలీనం గురించే.

అందుకే దేశం మొత్తం మీద వాటా ఎంత అన్న అంకె నన్ను తృప్తిపరచదు. ఒక్కొక్క బావికి ఎందరి ట్రక్కులు, ఎన్ని పైపులైన్లు అందుబాటులో ఉన్నాయో లెక్కపెట్టాలి. విలీనంపై కంపెనీలతో రాజీ కుదిరినప్పుడు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సాధారణంగా 30 రోజులు ప్రజల అభిప్రాయాలు తీసుకుంటుంది. మీరు బావి యజమానో, తీసిన చమురులో వాటా (రాయల్టీ) అందుకునే భూయజమానో అయితే విలీనానికి ముందు మీకు ఎంత కోత పడేదో చీటీలతో సహా ఆ గడువులోపు పంపండి.