కౌలు రైతుల మీద పరిశోధనకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

అమ్మలూ,

నీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) చదివాను. కౌలు రైతుల అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే మొదటి పేజీలోనే "300 మందికి ప్రశ్నావళి, కై-స్క్వేర్ పరీక్ష (రెండు విషయాలకు సంబంధం ఉందా అని చూసే గణాంక పరీక్ష)" అని రాసేశావు. నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నదేమిటో మాత్రం చివరిదాకా తేలలేదు. ముందు ప్రశ్న తేల్చుకో, పద్ధతి సంగతి తర్వాత చూద్దాం.

నువ్వు మూడు ప్రశ్నలు కలిపేశావు. ఆంధ్రలో సాగుదారు హక్కు కార్డు, అంటే కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టడానికి ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఎంతమందికి అందింది? అందనివాళ్లకు ఎందుకు అందలేదు? అందినవాళ్లకు ప్రైవేటు వడ్డీల బాధ తగ్గిందా? మొదటిదానికి సర్వే సరిపోతుంది. నీ మనసంతా మూడోదాని మీదే ఉందని తెలుసు, చిక్కంతా అక్కడే ఉంది.

2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని ఒప్పుకోవాలి, అదీ 11 నెలలకే చెల్లుతుంది. భూమి పోతుందన్న భయం ఉన్న యజమాని ఎవరికి సంతకం పెడతాడు? చుట్టానికో, ఏళ్ల తరబడి నమ్మకంగా చేస్తున్నవాడికో పెడతాడు. అలాంటి మనిషికి కార్డు లేకపోయినా ఊళ్లో తక్కువ వడ్డీకి అప్పు పుట్టొచ్చు. కార్డు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పక్కపక్కన పెట్టి, తేడా అంతా కార్డు వల్లే వచ్చిందంటే ఎవరు ఒప్పుకుంటారు? శాంపిల్ వెయ్యికి పెంచినా ఈ లోపం పోదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ టీచర్ల బోనస్ మీద చేసిన అధ్యయనం చూడు. ఏ బడికి బోనస్ ఇవ్వాలో లాటరీ తీసి తేల్చారు, అందుకే ఆ పోలిక నిలబడింది. వాళ్ల వెనక ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఉన్నాయి. కార్డులు ఎవరికి ఇవ్వాలో లాటరీ తీసే అధికారం నీకు లేదు కదమ్మా.

అందుకని రెండో ప్రశ్న పట్టుకోమంటాను. రెండు మూడు ఊళ్లు చాలు. కాలవ కింద ఒకటి, మెట్టలో ఒకటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే రెండుచోట్లా కౌలు షరతులు ఒకలా ఉండవు. కార్డుల జాబితా తీసుకుని బయలుదేరకు, అందులో నీకు కావలసిన మనిషే ఉండడు. చాలా కౌళ్లు నోటిమాట మీదే నడుస్తాయి. ఇల్లిల్లూ తిరిగి ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో నువ్వే రాసుకో. విసుగు పుట్టించే పనే, కానీ నీ థీసిస్‌కు అసలు బలం అదే. తర్వాత కౌలుదారుతో, యజమానితో, బ్యాంకు మేనేజరుతో విడివిడిగా మాట్లాడు. యజమాని ఎదురుగా కౌలుదారు నోరు విప్పడు.

అప్పుల సంగతి నాట్లప్పుడు ఒకసారి, పంట అమ్మాక మరోసారి అడుగు. ఒక్కసారే అడిగితే సగం లెక్క తప్పిపోతుంది.

ఊళ్లు తక్కువయ్యాయని గైడ్ గారు అంటే, పైన చెప్పిన సంతకం సంగతి వివరించు. మొదటి ఊరి జాబితా పూర్తవగానే నాకు పంపు, ఎవరెవరితో మాట్లాడాలో కలిసి చూద్దాం.

ప్రేమతో,
మామయ్య