ఓడిన పాయింట్లు ఏ మూలన పోయాయి?

పదకొండేళ్ల మీ అమ్మాయి పోటీలో ఓడిన ప్రతిసారీ బాడ్మింటన్ మానేస్తానంటోందని, ఆటల వల్ల పిల్లల్లో పట్టుదల పెరుగుతుందన్న మాట నిజమేనా అని అడిగారు. పదేళ్ల వయసు నుంచి పదిహేడేళ్ల వరకు నేను ఈ ఆట ఆడాను. పట్టుదల తప్పకుండా పెరుగుతుంది, కానీ ఆడినంత మాత్రాన పెరగదు; ఓటమిని పిల్లల చేతికందే చిన్న పనిగా మార్చి ఇచ్చే పెద్దవారు పక్కన ఉండాలి.

పన్నెండేళ్లప్పుడు నేను వరుసగా నాలుగు పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోయి, ఆట నాకు ఎప్పటికీ రాదని నిశ్చయించుకుని రాకెట్‌ను అటకెక్కించాను. రెండు రోజుల తర్వాత మా కోచ్ పిలిపించి, ఎందుకు ఓడిపోయావని కాకుండా, పోయిన పాయింట్లు కోర్టులో ఏ మూలన పోయాయో గుర్తుచేసుకోమన్నారు. సగానికి పైగా ఎడమవైపు వెనుక మూలలోనే పోయాయి. అక్కడి నుంచి నేను బ్యాక్‌హ్యాండ్‌తో, అంటే చేతి వెనుకవైపు ముందుకు వచ్చేలా తిప్పి, కొట్టిన షటిల్ కోర్టు మధ్యకు మించి వెళ్లక, ఎదుటివారికి స్మాష్ చేసే, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టే, అవకాశం ఇస్తోంది. లోపం బలంలో కాదు, భయంతో రాకెట్ పిడిని మొదటి నుంచీ బిగించి పట్టుకోవడంలో ఉంది. వేళ్లను వదులుగా ఉంచి, ముంజేతిని తిప్పుతూ, షటిల్ తగిలే క్షణంలో మాత్రమే పిడిని బిగిస్తే ఆ దెబ్బకు వేగం వస్తుంది.

ఈ సంగతి అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి రెండు నెలల్లో పాత అలవాటు పోయి కొత్తది రాక, నా ఆట మునుపటికంటే దిగజారింది. పట్టుదల తయారయ్యేది సరిగ్గా ఆ మధ్యకాలంలోనేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తర్వాత కూడా నేను పెద్దగా పతకాలేమీ గెలవలేదు. అయితే లెక్కల పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు జవాబు పత్రాన్ని దాచిపెట్టే బదులు, ఏ రకం లెక్కల్లో పోయాయో వెతకడం అలవాటైంది.

పి.వి. సింధు 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను 21–7, 21–7తో ఓడించి ప్రపంచ విజేత అయిన మ్యాచ్‌నే మనం పిల్లలకు చూపిస్తాం. నేనైతే అవే ప్రపంచ పోటీల 2017 గ్లాస్గో ఫైనల్‌ను ముందు చూపిస్తాను. అందులో ఆమె 110 నిమిషాలు పోరాడి, చివరి గేమును 20–22తో అదే ఒకుహారాకు కోల్పోయారు. మరుసటి ఏడాది ఫైనల్‌లోనూ ఓడిపోయారు. ఆ రెండు ఓటముల సంగతి తెలిసిన పిల్లలకే 2019 విజయం విలువ అర్థమవుతుంది.

ఇంటి నుంచి మీరు చేయగలిగినది కూడా ఉంది. ఓడి వస్తున్న దారిలో మా నాన్నగారు ఏనాడూ మ్యాచ్ ప్రస్తావన తెచ్చేవారు కాదు, ఆకలి వేస్తోందా అని మాత్రమే అడిగేవారు. ఆ మౌనం నాకెంతో మేలు చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. మీ అమ్మాయి మళ్లీ మానేస్తానంటే అప్పటికప్పుడు ఒప్పించబోకుండా, రెండు రోజులు ఆగి, పాయింట్లు ఏ మూలన పోయాయో అడిగి చూడండి. తను ఆలోచించి చెబితే ఆ ఒక్క లోపాన్నే కోచ్‌తో కలిసి దిద్దుకోనివ్వండి. అప్పటికీ కోర్టులో అడుగుపెట్టడమే ఇష్టం లేదంటే, నిందించకుండా వేరే ఆటను తననే ఎంచుకోనివ్వండి.