ఆ బీడీ తీసెయ్, తమ్ముడూ

తమ్ముడూ,

మెకానిక్ తండ్రి మీద నువ్వు రాసిన కథ మొన్న అందింది. ఏడో పేజీలో ఆగిపోయాను. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు ఉంటుంది కదా, పెట్రోలు కారుతున్న అలాంటి పాత పంపు ఒక చేతిలో పట్టుకుని, తండ్రి రెండో చేత్తో ‘ఆలోచనగా ఒక బీడీ ముట్టించాడు’ అని రాశావు. కాగితాలు పక్కన పెట్టి వాకిట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాను. కోపం వచ్చింది, దాచుకోను.

ముప్పై ఏళ్లు షెడ్డులో బతికిన మనిషి ఆ పని చేయడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. రోజుకు రెండు కట్టలు తాగే మెకానిక్ అయినా ట్యాంకు విప్పేటప్పుడు అగ్గిపెట్టె జేబులో కూడా ఉంచుకోడు. ఆ బీడీ నీకు సినిమాల నుంచి వచ్చింది. మీ నాన్న నుంచి రాలేదు.

మీ నాన్న నుంచి వచ్చింది రెండో పేజీలో ఉంది. విప్పిన స్క్రూలు పోకుండా టిఫిన్ డబ్బా మూతలో వేస్తాడని, ఇంట్లో అమ్మ ఎంత తోమినా ఆ మూతకు పెట్రోలు వాసన పోదని రాశావు. బాగుంది. ఆ రెండు వాక్యాల కోసమే ఈ ఉత్తరం.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, పుస్తకం వేయాలంటే ఎన్ని కథలు ఉండాలి అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు పంపు సంగతి తేలాలి.

‘అతడు నైపుణ్యంగా పంపు మార్చాడు. కారు సింహంలా గర్జించింది.’ తొమ్మిది పేజీల్లో పనికి దక్కింది దాదాపు ఇంతే. భద్రకాళి చెరువు మీద పొద్దుగూకడానికి మాత్రం పేజీన్నర ఇచ్చావు. తండ్రి గొప్పతనమంతా ఆ చేతుల్లో ఉందని చెప్పాలనుకున్న కథలో ఆ చేతులు ఏం చేశాయో లేదు. ‘నైపుణ్యంగా’ అన్న మాటను నేనెందుకు నమ్మాలి?

అసలు అది ఏ కారు? ‘ఎర్రటి స్పోర్ట్స్ కారు’ అని వదిలేశావు. బానెట్ ఎత్తి పంపు తీశాడన్నావు. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి పంపు ఇంజన్ దగ్గర ఉండదు, ట్యాంకులోనే మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. అందుకే ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్ల బండిలో పంపు వేడెక్కి తొందరగా పోవచ్చు. మాజ్దా ఎమ్ఎక్స్-5 లాంటి రెండు సీట్ల బండి అయితే ట్యాంకు సీట్ల వెనక ఉంటుంది. పోర్షే 911 అయితే ఇంజన్ వెనక, ట్యాంకు ముందు. నువ్వు బండి పేరు ఖాయం చేసుకుంటే తండ్రి ఎక్కడ వంగాలో, ఏది విప్పాలో, ఎక్కడ మోకాలు ఆనించాలో నీకే తెలుస్తుంది. అప్పుడు ఆ మనిషికి ఒళ్లు వస్తుంది.

ఇంకొకటి. నీ కారు పెంబర్తి దగ్గర ‘హఠాత్తుగా’ ఆగింది. పంపు చాలాసార్లు అట్లా పోదు, చెప్పి పోతుంది. భువనగిరి దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతే పికప్ ఉండదు. మెల్లగా పోతే ఏమీ తెలియదు, తొక్కితే కుదుపులు ఇస్తుంది. వెనక నుంచి సన్నగా ఒక మూలుగు. ఆలేరులో ఆగిపోతుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అరగంట కూర్చుని చాయ్ తాగి వస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది, పంపు చల్లారింది కాబట్టి. మళ్ళీ పెంబర్తిలో ఆగుతుంది. కారులో ఉన్న ఆ హైదరాబాద్ పిల్లగాడికి టెన్షన్ ఎట్లా పెరుగుతుందో చూశావా? నీ కథకు కావలసిన బిగువంతా ఆ పంపులోనే ఉంది. నువ్వు దాన్ని వదిలి ఆకాశంలో వెతికావు.

తండ్రి నిజాయితీపరుడని మూడుచోట్ల రాశావు. మూడూ కొట్టెయ్. కారాయన ‘పంపు మార్చెయ్, ఎంతైనా ఇస్తా’ అంటాడు. తండ్రి వెంటనే మార్చడు. ముందు ఫ్యూజు చూస్తాడు. తర్వాత రిలే, అంటే పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు. అదే రకం హారన్ రిలే ఉంటే తీసి పంపు రిలే స్థానంలో పెట్టి చూస్తాడు. కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందా లేదా చూస్తాడు. పెట్రోలు లైనుకు ఒత్తిడి చూపే గేజ్ పెడతాడు. చాలా ఇంజెక్షన్ బండ్లలో 3 నుంచి 4 బార్లు, అంటే దాదాపు 44 నుంచి 58 పీఎస్ఐ ఉండాలి. మనం కారు టైర్లలో కొట్టించేది 30, 35. చిన్న రిలేతో పోయేదానికి వేల రూపాయల పంపు అంటగట్టకూడదని ఇంత వెతుకుతాడు. ఇది రాస్తే నిజాయితీ అనే మాటతో పనేముంది?

నా మొదటి కథ కూడా పంపు గురించే. అప్పుడు హనుమకొండలో ఒక షెడ్డులో పగలు హెల్పర్ పని, రాత్రి రాత. అన్నీ అంబాసిడర్లు. వాటి పంపు ఇంజన్‌కే బిగించి ఉండేది, లోపల డయాఫ్రం అనే పల్చటి పొర. మే నెల ఎండకు పంపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయేది. డ్రైవర్లు నీళ్లలో తడిపిన గుడ్డ పంపు మీద కప్పి, చెట్టు కింద కూర్చునేవాళ్లు. ఆ తడి గుడ్డ మీద ఒక పేజీ రాశాను. వారపత్రిక ఎడిటర్ ఆ పేజీ మొత్తం లేపేశాడు. ‘కథాగమనానికి అడ్డు’ అని కార్డు రాశాడు. ‘పానా’ను స్పానర్ చేశాడు. ‘గిట్లెందుకైతది’ అని నేను రాసిన డ్రైవర్ మాటను ఎవరి భాషలోకో మార్చాడు. ఇప్పుడు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం, సంతోషం. ఆ రోజుల్లో మా మాట తప్పుల పట్టికలో ఉండేది. కథ అచ్చయ్యాక పరకాల డ్రైవర్ ఒకాయన చదివించుకుని షెడ్డుకు వచ్చాడు. ‘అంతా మంచిగనే ఉంది గని, బండి ఎట్ల స్టార్టయింది?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అచ్చులో లేదు కదా. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. కథలో ఎవరూ ఏ పనీ చేయరు, కిటికీ దగ్గర కూర్చుని లోపలికి చూసుకుంటారు. నీ మీద ఆ గాలి సోకింది, నాలుగో పేజీ చూస్తే తెలుస్తోంది.

పనికి ఒక వరుస ఉంటుంది తమ్ముడూ. ఆ వరుస తప్పితే పని తెలిసిన మనిషి నీ దుఃఖాన్ని కూడా నమ్మడు. పంపు ఫ్యూజు తీసి, చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేస్తే లైనులో మిగిలిన పెట్రోలు కాలి అదే ఆగిపోతుంది. ఒత్తిడి దిగింది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయాలి. ట్యాంకు మీద పంపు మూత చుట్టూ ఉన్న మట్టి తుడవాలి, లేకపోతే లోపల పడుతుంది. ఆ మూతను బిగించే ఇనుప రింగు ఉన్న బండి అయితే దాన్ని ఇనుముతో కొట్టరు, నిప్పురవ్వ లేస్తుందని ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తడతారు. నీ కారు ఆగింది ఎక్కడ? పెంబర్తిలో! ఇత్తడి పనికి పేరున్న ఊళ్లో నీ తండ్రి చేతికి ఇనుప సుత్తి ఇచ్చావు. పంపు పైకి తీసేటప్పుడు ఫ్లోటు కడ్డీ వంగకుండా పక్కకు వాల్చాలి, వంగితే రేపటి నుంచి పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తుంది. పాత రబ్బరు రింగు మళ్ళీ వేయకూడదు.

చివర సింహం గర్జన వద్దు. అన్నీ బిగించాక తాళం ఒక్క మెట్టు తిప్పుతారు, సెల్ఫ్ కొట్టరు. వెనక నుంచి రెండు సెకన్లు సన్నగా జుయ్‌మని వినిపించి ఆగుతుంది. మళ్ళీ తిప్పుతారు, మళ్ళీ రెండు సెకన్లు. లైను నిండుతోంది. ఆ రెండు సెకన్లు షెడ్డులో ఎవరూ మాట్లాడరు. నీ కథ అక్కడ ఉంది. ఆ వినేటప్పుడు మీ నాన్న ముఖం ఎట్లా ఉంటుంది? తల ఏ పక్కకు వంచుతాడు?

మీ నాన్న ఆటోనగర్‌లో పనిచేస్తాడని ఉత్తరం చివర ఒక్క ముక్క రాశావు. ఈ కథ రాసే ముందు ఆయన్ను ఒక్కసారైనా అడిగావా? అడగలేదని ఏడో పేజీ చెప్తోంది. అదే నన్ను బాధపెట్టింది. ఈ వారంలో ఒకరోజు కాలేజీ మానెయ్. పొద్దున ఆయనతోపాటే పో. పానాలు అందియ్యి. ఆ మూతలో స్క్రూలు నువ్వు ఏరి వెయ్.

తర్వాత రాసి పంపు. రెండో పేజీ ముట్టుకోకు.

నీ అన్న,
హనుమకొండ