కోడ్ రాయగలిగిన వారికి సంపాదన దారులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాఫ్ట్‌వేర్ విద్యతో సొంతంగా సంపాదించుకునే మార్గాల గురించి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకుల నుంచి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో ఐదింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాము. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందున అందరి పేర్లనూ వదిలి ఊర్లను మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: బెంగళూరులో ఆరేళ్లు వెబ్ డెవలపర్‌గా పని చేసి, పాప పుట్టాక ఉద్యోగం మానుకుని పుట్టింటికి వచ్చాను. వెబ్‌సైట్లు చేసి ఇస్తానని, ఆన్‌లైన్‌లో పనులు అమ్ముకునే ఫైవర్ అనే వేదికలో ఖాతా తెరిచి నాలుగు నెలలైనా ఒక్క ఆర్డరు కూడా రాలేదు. రేటు ఇంకా తగ్గించమంటారా? (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: తగ్గించవద్దు. ఫైవర్‌లో మీకు వచ్చే ప్రతి వంద రూపాయల్లో ఇరవై ఆ సంస్థే మినహాయించుకుంటుంది కాబట్టి, రేటు తగ్గించిన కొద్దీ మీకు మిగిలేది కూలికి కూడా సరిపోదు. అసలు లోపం ధరలో లేదు, ప్రకటనలో ఉంది. వెబ్‌సైట్లు చేస్తానన్న మాట అక్కడ ఖాతా తెరిచిన ప్రతివారూ చెప్పేదే. కొనేవారికి కావలసింది వెబ్‌సైట్ కాదు, తమను వేధిస్తున్న ఒక ఇబ్బంది తీరడం. "వూకామర్స్ (ఆన్‌లైన్ అంగళ్లు నడిపే సాఫ్ట్‌వేర్) దుకాణంలో చెల్లింపు పేజీ మొరాయిస్తే రెండు రోజుల్లో సరిచేస్తాను" అని రాసి, అలా సరిచేసిన ఒక నమూనాను, సరిచేయక ముందు, తర్వాత తెర ఎలా ఉందో చిత్రాలతో సహా చూపించండి. చూసేవారు తక్కువే కావచ్చు గానీ, చూసినవారు అవసరం ఉన్నవారై ఉంటారు.

అయితే ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాట మీ విషయంలో అక్షరాలా వర్తిస్తుందని నా అభిప్రాయం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల పేరు రాయలసీమ అంతటా తెలిసిందే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. అది ఏ నగకు ఆ నగకే వేరుగా ఉంటుంది. ఆ సంఖ్యను నగ బరువు, తరుగు, మజూరీ, పాత బంగారం మార్పిడి వివరాలతో కలిపి బిల్లులోకి ఎక్కించడం, నెలనెలా కట్టించుకునే నగల పథకాల్లో గడువు దాటినవారికి వాట్సాప్‌లో గుర్తు చేయడం వంటి పనులను పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో చేస్తూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే గుమాస్తా మీ వీధిలోనే ఎవరైనా ఉంటే, ఆయన పక్కన రెండు రోజులు కూర్చుని చూడండి. ఏ పని దగ్గర ఆయన విసుక్కుంటారో అదే మీరు అమ్మవలసిన సరుకు. అంగట్లో ఇప్పటికే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని తీసేయమని మాత్రం చెప్పకండి. లెక్కలు చూసే ఆడిటర్ ఒప్పుకోరు, యజమాని భయపడతారు. ట్యాలీకి అదనపు సౌకర్యాలు జోడించడానికి టీడీఎల్ అనే ప్రత్యేక భాషే ఉంది. మీ అనుభవంతో దాన్ని నేర్చుకోవడం పెద్ద పని కాదు.

తెలిసినవారి దగ్గర పని చేసేటప్పుడు కాగితం మీద రాసుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు. నేనూ పడ్డాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక బట్టల కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసి ఇచ్చి, ఏమేమి చేస్తానో రాసుకోకపోవడం వల్ల, "ఇదొక్కటి చేసిపెట్టు నాయనా" అన్న మాటకు తల ఊపుతూ రెండేళ్లపాటు ఉచితంగా మార్పులు చేశాను. కాబట్టి ఏ తెరలు, ఏ రిపోర్టులు ఇస్తారో, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ఒక పేజీలో రాసి సంతకం తీసుకోండి. ధరలో మూడో వంతైనా ముందుగా తీసుకోండి. మొదటి ధర కంటే ముఖ్యమైనది ఏటా వచ్చే నిర్వహణ రుసుము. అసలు ధరలో 15 నుంచి 20 శాతం వరకు అడగడం ఈ వృత్తిలో మామూలే. ఏటా రుసుము కట్టే అటువంటి అంగళ్లు పది చేతిలో ఉంటే, కొత్త పని దొరకని నెలలో కూడా ఇల్లు గడుస్తుంది. కొత్త ఆర్డర్ల మీదే బతికేవారికి ఆ నిలకడ ఉండదు.

ప్రశ్న: నేను ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. సాయంత్రాలు బయటి పనులు ఒప్పుకోవచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: ముందు మీ నియామక పత్రం తీసి చదవండి. అనుమతి లేకుండా బయటి పని చేయరాదన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. ఉంటే లిఖితపూర్వక అనుమతి అడగండి, లేదా ఆ ఆలోచన మానుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగా లెక్కిస్తుంది. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే తొలి హక్కుదారు. ఏది ఉద్యోగంలో భాగం, ఏది కాదు అన్న తగాదా రాకుండా ఉండాలంటే కంపెనీ ల్యాప్‌టాప్‌ను, కోడ్ దాచుకునే కంపెనీ గిట్‌హబ్ ఖాతాను బయటి పనికి ముట్టుకోకండి. కంపెనీ వ్యాపారానికి పోటీ అయ్యే పని జోలికి వెళ్లకండి. శని, ఆదివారాల్లో విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి యాజమాన్యాలు సాధారణంగా సులభంగా ఒప్పుకుంటాయి. కర్నూలులో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు సిలబస్ కొరత లేదు, అసలైన ప్రాజెక్టులో కోడ్ ఎలా నడుస్తుందో చూపించేవారి కొరతే ఉంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేరుశనగ ధరలు చూపించే యాప్ తయారు చేసి ప్లే స్టోర్‌లో పెట్టి ప్రకటనల ద్వారా సంపాదించాలని ఉంది. (ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: పెట్టండి, కానీ ప్రకటనల డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. గూగుల్ ప్లే ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలైతే, కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు యాప్‌ను పరీక్ష చేయించాకే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోనిస్తారు. ధర చూసి వెంటనే మూసేసే యాప్‌లో ప్రకటన కనిపించే వ్యవధే ఉండదు. రైతు కంటే ఎక్కువగా రోజూ ఆ ధర అవసరమయ్యేది నూనె మిల్లులకు, వ్యాపారులకు. నెలకు ఇంతని చెల్లించగలిగేదీ వారే. మీ వయసులో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌ను కూడా చూడండి. 2005 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమంలో తమ కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సంస్థలకు పని చేసినందుకు భృతి ఇస్తారు, పైగా మీరు రాసిన కోడ్ మీ పేరుతో అందరికీ కనిపించేలా మిగిలిపోతుంది. వెబ్‌సైట్లలో భద్రతా లోపాలు పట్టి బహుమతులు గెలుచుకునే దారి కూడా ఉంది గానీ, ఆ వెబ్‌సైట్ సంస్థ ప్రకటించిన పరిధి దాటి ఒక్క అడుగు వేసినా 2000 నాటి ఐటీ చట్టం కింద చిక్కుల్లో పడవచ్చు.

ప్రశ్న: నేను పని చేసిపెట్టే అమెరికా క్లయింట్ ఒకరు నెలనెలా డాలర్లు పంపుతున్నారు. జీఎస్టీ, ఆదాయపు పన్ను సంగతి ఏమిటి? (ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: సేవలు అందించేవారికి మన రాష్ట్రంలో ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్టీ నమోదు అవసరం. నమోదైన తర్వాత కూడా, విదేశీ మారకంలో డబ్బు అందే సేవల ఎగుమతిపై పన్ను సున్నా. అయితే ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరం దాఖలు చేయాలి. ఆదాయపు పన్నులో కొన్ని వృత్తులకు అంచనా పద్ధతి ఉంది: ఏడాది వసూళ్లు 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం మించనప్పుడు 75 లక్షలు దాటకపోతే, అందులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల పద్దులు రాయనక్కరలేదు. మీ పని ఆ వృత్తుల కిందికి వస్తుందో లేదో ఆడిటర్‌తో ఒకసారి చూపించుకోండి. డబ్బు దేనికి వచ్చిందో తెలపడానికి బ్యాంకు వారు అడిగే పర్పస్ కోడ్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. డాలర్లు వచ్చినట్లు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని ప్రతి చెల్లింపుకూ దాచుకోండి.

ప్రశ్న: వేరే ఊరి సంస్థకు యాప్ చేసి అప్పగించాను. ఐదు నెలలైనా మిగిలిన సగం డబ్బు ఇవ్వడం లేదు. సర్వర్‌లోకి వెళ్లి యాప్ ఆపేయాలని ఉంది. (ఒక పాఠకుడు, కడప)

జవాబు: ఆ పని చేయకండి; అనుమతి లేకుండా వారి సర్వర్‌లోకి వెళితే బాకీదారు ఫిర్యాదుదారు అవుతాడు, మీరు నిందితులవుతారు. మీ దగ్గర వేరే బలం ఉంది. ఉద్యోగి కాకుండా బయటి నుంచి పని చేసినవారి కోడ్‌పై కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు, సాధారణంగా రాసినవారిదే. మీరు అలా ఏదీ రాసి ఇవ్వకపోతే ఆ సంగతి పేర్కొంటూ న్యాయవాది ద్వారా నోటీసు పంపించండి. ఇకముందు పనుల కోసం చిన్న సంస్థల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లను నమ్మకండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థ పనిని స్వీకరించినవారు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. మించితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్ల వడ్డీని, నెలనెలా చక్రవడ్డీగా లెక్కగట్టి ఇవ్వవలసి ఉంటుంది. ఈసారి నుంచి పనిని మీ సొంత సర్వర్‌లోనే చూపించి, సోర్స్ కోడ్‌ను చివరి వాయిదా ఖాతాలో పడిన రోజున అప్పగించండి.